తుమున్నర్థకం దాటని మాస్టారు

చదువు చెప్పినవాళ్ల గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా చేతులు జోడించాలనుకోవడం మనకి పట్టుకున్న జబ్బు. పంతులుగారి తిట్లు దీవెనలంటాం. ఆయన కోపం పైపైనేనని, లోపలంతా వెన్నేనని అంటాం. ఈ మాస్టారి లోపల వెన్న లేదు. ఒక పాఠం ఉంది. అది ఆయనకి రాదు. రాదన్న సంగతి ఎవరికీ తెలియకుండా చూసుకోవడమే ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. లాటిన్ చెప్పడం పక్కపని.

కళ్లద్దాల షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే ఆయన తరగతి వస్తుంది. పొడుగాటి గది. ముందుగోడ నిండా కిటికీలు, వెనకగోడకి ఒక్కటీ లేదు. ముందు బెంచీలవాళ్లకి కళ్లు చెదిరేవి, వెనక బెంచీలవాళ్లకి బోర్డు కనపడేది కాదు. కిందషాపులో అద్దాలు అరగదీసే మిషను సాయంత్రం దాకా కీచుమంటూనే ఉండేది. ఆ కీచు మీదుగా గొంతు పెంచి, బల్లమీద డస్టరుతో కొడుతూ, ఆయన లాటిన్ క్రియల చివరి ముక్కలు వల్లె వేయించేవాడు: ఆరే, ఏరే, ఎరే, ఈరే. మిషను దగ్గర మనిషి తల పైకెత్తి, "పైన మళ్లీ ఎవర్నో ఒరే, ఏరా అని పిలుస్తున్నాడు, పలకండ్రా" అనేవాడు. అలా ఆయనకి ఆరేఏరే మాస్టారని పేరు పడింది. ఆయనకి తెలియదు. తెలిసినా నమ్మేవాడు కాదు. తన వెనక జనం తన పాండిత్యం గురించి తప్ప ఇంకేం మాట్లాడుకుంటారు?

ఆ నాలుగు ముక్కలూ తుమున్నర్థకానివి. పేరు చూసి భయపడాల్సిందేమీ లేదు. 'చదవగలను', 'చదవాలి', 'చదవనివ్వు' అంటామే, వాటన్నిటికీ ముందున్న 'చదవ' లాంటిది. ఎవరు చదువుతారో చెప్పదు. లాటిన్‌లో దానికి 'లెగెరే' అని విడిగా ఒక మాట ఉంది. పక్కన 'పోస్సుం' పెడితే చదవగలను. 'దేబెయో' పెడితే చదవాలి. 'వోలో' పెడితే చదవాలనుంది. బుద్ధిగా కూర్చుంటే ఒకటి రెండు సాయంత్రాల పని. ఆయన పుస్తకంలో ఇది ఎనిమిదో పాఠం. ఆయనకి వచ్చిన ఆఖరి పాఠమూ అదే.

ఇలా ఎలా జరిగిందంటే, చాలా మామూలుగా జరిగింది. కుర్రతనంలో ఆయన ఒక వకీలు దగ్గర కాగితాలకి నకళ్లు రాసేవాడు. సాయంత్రాలు ఇదే గదిలో, ఇవే బెంచీల మీద లాటిన్ నేర్చుకునేవాడు. ఎనిమిదో పాఠం అయిన వారానికి అప్పటి మాస్టారికి పెద్ద ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. ఇన్‌స్టిట్యూట్ నడిపే కరస్పాండెంట్ ఖాళీ కుర్చీ చూసి, ముందుబెంచీలో ఉన్న ఇతన్ని చూశాడు.

"నీకెంతవరకు వచ్చోయ్?"

"ఎనిమిదో పాఠం దాకా అండి."

"కొత్తగా చేరేవాళ్లకి ఒకటో పాఠం కూడా రాదు కదా. మొదలుపెట్టు. వాళ్లు ఎనిమిదికి వచ్చేసరికి నువ్వు మిగతాది చూసుకోవచ్చు."

మంచి సలహాయే. ఏ పంతులైనా మొదట్లో చేసేదదే. ఈయన మాత్రం మిగతాది చూసుకోలేదు. ముందు కొత్త కోటు కుట్టించుకున్నాడు. తర్వాత నడక మార్చాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఈలోగా తరగతి ఎనిమిదో పాఠానికి వచ్చేసింది. ఆ రోజు భయంతో ఒళ్లు తెలియక ముందుబెంచీలో ఉన్న ఒక అమాయకుణ్ని నానా మాటలూ అన్నాడు. మర్నాడు ఆ అమాయకుడు రాలేదు. అతని స్నేహితులూ రాలేదు. మాస్టారు ఖాళీ బెంచీలకేసి చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. జబ్బుకి మందు దొరికింది.

అప్పటినుంచీ ఏటా అదే మందు. మొదటి పాఠాలు మహా దర్జాగా, నిదానంగా సాగేవి. ఐదో పాఠం నుంచి నాలిక పదునెక్కేది. ఏడుకొచ్చేసరికి గది పలచబడేది. ఎనిమిదికి మిగిలిన మొండివాళ్లని ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి పిలిచేవాడు. ఒక ఏడాది మందులషాపు కాంపౌండరు మిగిలాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు.

"చెప్పు నాయనా, పోస్సుం పెట్టి ఒక వాక్యం. నువ్వేం చేయగలవో చెప్పు."

కాంపౌండరు ఆలోచించి, తప్పుల్లేకుండా, 'నేను వినగలను' అని రాశాడు.

"వినగలవు. అది తెలుస్తూనే ఉంది. నీ చెవులు అంతంత పెద్దవి. విన్నది ఏమవుతుందన్నదే నా ప్రశ్న. ఒక చెవిలోంచి రెండో చెవిలోకి పోకుండా మధ్యలో ఏదైనా అడ్డం ఉండాలి కదా, నీకు ఖాళీస్థలం ఉంది. అద్దెకివ్వరాదూ?"

కాంపౌండరు సుద్దముక్క బల్లమీద పెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. తమాషా ఏమిటంటే ఆ కాంపౌండరే ఊరంతా చెప్పాడు: "మాస్టారు మహా పండితుడండి. మనకే అంత బుర్ర లేదు." వెళ్లిపోయిన ప్రతివాడూ అదే మాట అన్నాడు. పారిపోయినవాళ్లు పెరిగేకొద్దీ మాస్టారి పాండిత్యం పెరిగింది. తొమ్మిదో పాఠం ఎవరూ వినలేదు కాబట్టి అదొక శిఖరమనుకున్నారు. ఒక మనిషి మనల్ని అవమానిస్తే అతనికేదో తెలిసే ఉంటుందనుకునే జాతి మనది. అటువంటివాళ్ల మధ్య ఆయన బతికిపోకపోతేనే ఆశ్చర్యం.

ఇలా ఏళ్లకేళ్లు గడిచాయి. పాత కరస్పాండెంటు పోయి ఆయన కొడుకు కరస్పాండెంటు అయ్యాడు. మాస్టారి జుట్టు తెల్లబడింది. అప్పుడు ఫిర్యాదులావిడ వచ్చింది.

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే మనిషి ఆవిడ. నడివయసు దాటుతోంది. కుళాయి రావట్లేదని, వచ్చినా బురద వస్తోందని, గొట్టం పగిలి వీధి చెరువైందని తిట్టడానికి వచ్చేవాళ్ల ముందు చాలాకాలం కూర్చుంది. ఈమధ్యే ఆవిణ్ని తాత్కాలికంగా పాత దస్తావేజుల ఆఫీసుకి పంపారు. పాత వీలునామాలు, దానపత్రాలు లాటిన్‌లో ఉంటాయి. ఏడాది చివర లాటిన్ పరీక్ష ప్యాసైతే ఆ కుర్చీ శాశ్వతం. లేకపోతే మళ్లీ కిటికీ. పరీక్షకి కూర్చోవాలంటే గుర్తింపున్న ఇన్‌స్టిట్యూట్‌లో చదివినట్టు ఉండాలి. ఆ చుట్టుపక్కల గుర్తింపున్నది కళ్లద్దాల షాపు పైన ఉన్నది ఒక్కటే.

ఆవిడ రెండో బెంచీలో కూర్చునేది. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి పక్కన పెట్టుకునేది. పెద్ద తెలివైనదేం కాదు. ఒకసారి చెప్తే వచ్చేది కాదు, రెండోసారికీ వచ్చేది కాదు. అలాగని మూడోసారి అడగడానికి ఆవిడకి సిగ్గూ లేదు. మాస్టారికి ఆవిణ్ని చూడగానే నవ్వొచ్చింది. నాలుగో పాఠానికే వెళ్లిపోయే మనిషి అనుకున్నాడు.

ఐదో పాఠంలో మొదలుపెట్టాడు.

"ఏమ్మా, అసలు నీ బుర్రలో ఏముంది?"

"ఇన్నేళ్లూ కిటికీ దగ్గర జనం చెప్పినవన్నీ ఉన్నాయండి. ఇప్పుడిప్పుడే ఖాళీ అవుతోంది. మీరు కానివ్వండి."

ఆరో పాఠంలో ఇంకో మెట్టెక్కాడు. "ఇంత మెల్లిగా నేర్చుకునే ప్రాణిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు."

"అయితే మీరూ మెల్లిగానే చెప్పండి మాస్టారూ, సరిపోతుంది."

పక్కబెంచీలో ఎవరో నవ్వారు. నవ్విన మనిషిని మాస్టారు ఆ సాయంత్రమే సాగనంపాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఏడో పాఠం రోజు ఆయన తన దగ్గరున్నదంతా తీశాడు: ఆవిడ వయసు, గొంతు, చేతిరాత, బిస్కెట్లు, దేన్నీ వదల్లేదు. ఆవిడ అన్నీ విని, పొట్లం ఆయన వైపు జరిపింది.

"తీసుకోండి. గొంతు ఎండిపోయుంటుంది. ఒకాయన మా కిటికీ దగ్గరికి బకెట్టుతో బురదనీళ్లు తెచ్చి బల్లమీద పోశాడండి. నా చీరంతా పాడైంది. మీరు నోటితోనే కదా."

అప్పుడు మాస్టారికి మొదటిసారి భయం వేసింది. ఆవిడకి సిగ్గు లేదని కాదు ఆయన భయపడింది. తిట్లు తినడం ఆవిడ ఉద్యోగం. ఇన్నేళ్లూ జీతం తీసుకుని చేసిన పనిని ఇక్కడ ఊరికే చేస్తోంది. ఇటువంటి మనిషి మీద ఆయన మందు పనిచేయదు.

ఎనిమిదో పాఠానికి గదిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆయన బోర్డు మీద లెగెరే రాసి, పక్కన పోస్సుం, దేబెయో, వోలో రాసి, ఏటా చెప్పే మాట చెప్పాడు. "తుమున్నర్థకానికి కర్త లేడు, కాలం లేదు. సన్యాసి లాంటిది. రాసుకో." ఆవిడ రాసుకుంది. వారం గడిచింది. ఎనిమిదో పాఠమే నడుస్తోంది. ఇంకో వారం గడిచింది.

"తొమ్మిది ఎప్పుడండి?"

"క్రమంలో వస్తుంది."

"పరీక్షలో ఎక్కువ దాన్లోంచే అడుగుతారట. ఆఫీసులో పాత కాగితాలన్నీ అవేనండి. ఫలానా ఆయన ఇలా అన్నాడని, ఫలానా ఆవిడ అలా చెప్పిందని. నాకు ఆ 'అని' కావాలి."

"ముందు పునాది గట్టిపడాలి."

"ఎప్పటికి గట్టిపడుతుందండి?"

"నీ స్థాయి పరిశీలనలో ఉంది."

ఆవిడ బిస్కెట్ నమలడం ఆపింది. క్రమంలో వస్తుంది. పరిశీలనలో ఉంది. ఇవి ఆవిడ మాటలు. కిటికీ వెనక కూర్చుని, గొట్టం ఎప్పుడు బాగుచేస్తారో తనకీ తెలియక, తెలియదని చెప్పే వీలు లేక, ఇన్నేళ్లూ జనానికి ఆవిడ వడ్డించిన మాటలు. ఎదుటివాడు నీళ్లు నమిలితే కనిపెట్టడానికి ఆవిడకి లాటిన్ రానక్కర్లేదు. స్వయంగా నమిలిన మనిషి.

ఆ పూట ఆయన పుస్తకం మూసి కోటు తగిలించుకుంటుంటే ఆవిడ బెంచీలోంచి లేవకుండానే అడిగింది.

"మాస్టారూ, ఆ పాఠం మీకు రాదు కదా?"

మాస్టారి చెయ్యి కోటు చేతిలో సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నువ్వు?"

"తెలుసండి. రాకపోతే పోయింది. నేనెవరికీ చెప్పను, చెప్తే నాకొచ్చేదేముంది. కానీ నాకా పాఠం కావాలి. మీరు నేర్చుకుని చెప్తారో, వచ్చినవాళ్లని తెచ్చి చెప్పిస్తారో మీ ఇష్టం. నేను మాత్రం మళ్లీ ఆ కిటికీ వెనకకి వెళ్లను."

గౌరవం గల మనిషైతే ఇక్కడ తల దించుకునేవాడు. మాస్టారు తిన్నగా మెట్లు దిగి కరస్పాండెంటు గదికి వెళ్లాడు. ఈవిడ గురువుని అవమానించిందని, ఇటువంటివాళ్లుంటే తరగతికి అప్రతిష్ఠ అని, పేరు కొట్టెయ్యమని చెప్పాడు. కరస్పాండెంటు కుర్రవాడు. కళ్లజోడు పైకి తోసుకుని చివరిదాకా విన్నాడు.

"కొట్టెయ్యడం కుదరదు మాస్టారూ. ఆవిణ్ని దస్తావేజుల ఆఫీసు పంపింది. ఆవిడ ప్యాసైతే వచ్చే ఏడు ఇంకా మనుషుల్ని పంపుతామన్నారు."

"ఆవిడ ప్యాసవ్వదు. ఆవిడకి బుర్ర లేదు."

"అందుకేగా మీరున్నది. నాన్నగారు చెప్పేవారు, మీ అంతటి పండితుడు ఈ చుట్టుపక్కల లేడని. ఎలాగోలా గట్టెక్కించండి."

ఎన్నో ఏళ్లుగా పోగేసుకున్న కీర్తి అంతా ఆయన మెడకి చుట్టుకుంది. ఇంటికి నడిచి వెళ్లాడు.

ఇల్లు రెండు గదులు. మొదటి గది సగం భార్య కుట్టుమిషను ఆక్రమించుకుంది. బడిపిల్లల యూనిఫాంలు బిగుతు చేయడం, వదులు చేయడం ఆవిడ పని. మాస్టారు కంచం ముందు కూర్చుని కలుపుతున్నాడే తప్ప తినడం లేదు.

"ఏమైంది?" అంది భార్య, మిషను ఆపకుండానే.

"ఒకావిడ పోవట్లేదు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ పోవట్లేదు. అదే బాధ."

మిషను ఆగింది. "తొమ్మిదో పాఠం అడుగుతోందా?"

మాస్టారు తలెత్తాడు.

"అలా చూస్తారేం? కాపురానికొచ్చిన ఏడే తెలిసింది నాకు. ఏటా ఎండలు ముదిరేసరికి మీ క్లాసు ఖాళీ అవుతుంది, మీరు ఇంట్లో కూనిరాగాలు తీస్తారు. పిల్లలు మానేస్తే కూనిరాగాలు తీసే పంతులు ఎక్కడైనా ఉంటాడా?"

"ఇన్నాళ్లూ అనలేదే?"

"అంటే ఏం చేసేవారు? నన్నూ మానిపించేవారు." పంటితో దారం తెంపింది. "ఇవాళ రాత్రికి చదువుకుని రేపు చెప్పండి. మా నాన్న లెక్కలు అలాగే చెప్పాడు బతికినన్నాళ్లూ. ఆయనకి కూడికల దగ్గరే సందేహాలుండేవి."

"ఇప్పుడు చదివితే నాకు రాదని నాకు తెలుస్తుంది."

"ఊరందరికీ తెలియడం కంటే అది నయం కదా," అని మళ్లీ మిషను తొక్కింది.

చెయ్యి కడుక్కుని పుస్తకం తెరిచాడు. తొమ్మిదో పాఠం నిజానికి పెద్ద పాఠం కాదు. 'తోటమాలి వస్తున్నాడని వంటమనిషి చెబుతోంది' అనాలి. లాటిన్‌లో మన 'అని' లాంటి మాట పెట్టరు. తోటమాలిని కర్మగా మార్చి, 'వస్తున్నాడు' తీసేసి అక్కడ తుమున్నర్థకం పెడతారు. తోటమాలిని రావడం చెబుతోంది, అన్నట్టు. పైగా తోటమాలి ఇప్పుడొస్తుంటే 'వేనీరే', చెప్పేలోపే వచ్చేసుంటే 'వేనిస్సే'. అంటే తుమున్నర్థకానికి కర్త ఉన్నాడు, కాలమూ ఉంది. సన్యాసి అని ఇన్నేళ్లూ బల్లగుద్ది చెప్పిన శాల్తీకి పక్కపేజీలోనే పెళ్లాంబిడ్డలున్నారు.

ఆయన ఆగింది పాఠం కష్టమై కాదు. తప్పు చేసిన ప్రతిచోటా ఒక గొంతు లేచేది. అద్దెకివ్వరాదూ అనేది. ఇంత మెల్లిగా నేర్చుకునే ప్రాణిని చూడలేదనేది. ఆ గొంతు ఆయనదే. ఏదైనా నేర్చుకోవాలంటే కొంతసేపు దాని ముందు వెర్రిమొహం వేసుకుని కూర్చోవాలి. వెర్రిమొహం కనబడితే బయటికి గెంటడం తప్ప ఇంకో విద్య ఆయనకి తెలియదు. కాబట్టి తనని తాను గెంటేశాడు. పుస్తకం మూసి పడుకున్నాడు. జాలి పడదామనుకునేవాళ్లు పడవచ్చు. ఆ కాంపౌండరు చేతులు తుడుచుకున్న రుమాలు ఒకసారి గుర్తు తెచ్చుకుని పడితే బాగుంటుంది.

మర్నాడు ఆయన తరగతికి వచ్చి బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'తొమ్మిదో పాఠం' అని రాశాడు. కింద ఎనిమిదో పాఠమే కొత్త ఉదాహరణలతో చెప్పడం మొదలుపెట్టాడు. చదవగలను బదులు ఈదగలను. ఫిర్యాదులావిడ కాసేపు చూసింది.

"ఇది ఎనిమిదేనండి. మా ఆఫీసులో కూడా పాత దరఖాస్తుకి కొత్త నెంబరేసేవాళ్లం."

మాస్టారు డస్టరుతో బల్లమీద కొట్టాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. రాత్రంతా సొంతానికి వాడేసుకున్నాడు.

"ఇటు రండి," అంది ఆవిడ, బెంచీ మీద జరిగి. "కూర్చోండి. పుస్తకం తెండి."

"నేను కూర్చుని చెప్పను."

"చెప్పేదేముందండి, ఇద్దరికీ రాదు. కూర్చుంటే కాళ్లన్నా నొప్పెట్టవు."

ఆయన కూర్చున్నాడు. కుర్రతనంలో నకళ్ల గుమాస్తాగా కూర్చున్న బెంచీల మీదికి మళ్లీ చేరాడు. ఆవిడ పుస్తకం మధ్యలో పెట్టి మొదటి వాక్యం మీద వేలు ఆనించింది.

"మాటల అర్థాలు మీకు తెలుసు, నాకు తెలియవు. చదవండి. ఎవరు చెబుతున్నారు?"

"వంటమనిషి."

"ఎవరి గురించి?"

"తోటమాలి గురించి. కానీ ఇక్కడ తోటమాలి కర్తగా లేడు. ఈ పుస్తకం రాసినవాడికి మతి లేదు. చేసేది తోటమాలైతే అతను కర్మ ఎలా అవుతాడు? అచ్చుతప్పై ఉంటుంది."

"సరే, అచ్చుతప్పు అని రాసుకున్నా. తర్వాత? వచ్చాడంటోందా, వస్తున్నాడంటోందా?"

"అదే తెలియడం లేదు."

"మావాళ్లూ ఇంతేనండి. నీళ్లు రావట్లేదంటారు. ఇప్పుడు రావట్లేదా, పొద్దున్న రాలేదా అంటే కోప్పడతారు. రెండూ అడక్కపోతే మనిషిని పంపలేం కదా. కింద వాక్యం కూడా చదవండి, తేడా ఏముందో చూద్దాం."

అచ్చుతప్పు అదే పేజీలో మళ్లీ కనపడింది, తర్వాత పేజీలోనూ కనపడింది. అన్ని అచ్చుతప్పులుండవని ఆయనకే తట్టింది, నోరు మూసుకున్నాడు. ఇలా చాలా సాయంత్రాలు నడిచింది. ఆయన పుస్తకాన్ని తిట్టాడు, అచ్చేసినవాణ్ని తిట్టాడు, రోమను జాతిని తిట్టాడు. ఆవిడ అన్నీ విని, "ఊ, తర్వాత" అనేది. కిటికీ వెనక నేర్చుకున్న విద్య అదొక్కటే ఆవిడది, ఎదుటిమనిషి అరిచి అలిసిపోయేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న అడగడం. అలా తల గోక్కుని గోక్కుని, మంచి కుర్రాడెవడైనా ఒక పూటలో దాటే పాఠాన్ని ఇద్దరు పెద్దవాళ్లు నానా అవస్థా పడి దాటారు. చివరికొచ్చేసరికి ఇద్దరికీ వచ్చింది.

ఇక్కడ కళ్లు తుడుచుకోవడానికి ఎవరైనా సిద్ధపడుతుంటే ఆపేయడం మంచిది. ఆ బెంచీ మీద ఏ అనుబంధమూ పుట్టలేదు. దొంగతనం చేస్తుంటే చూసిన మనిషి పక్కన కూర్చున్నట్టే ఆయన కూర్చున్నాడు. ఆవిడకి ఆయన మీద జాలీ లేదు, కృతజ్ఞతా లేదు. వరుసలో నిలబడితే తప్ప పని జరగని ఇంకో ఆఫీసు ఆయన. పరీక్షలో బొటాబొటీగా ప్యాసైంది. దస్తావేజుల ఆఫీసులో కుర్చీ శాశ్వతమైంది. ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవానికి రమ్మని, వేదిక మీద రెండు మాటలు చెప్పమని కరస్పాండెంటు మనిషిని పంపితే, పనుందని చెప్పి పంపేసింది. మాస్టారి గుట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు. గొప్ప మనసుతో కాదు. కిటికీ దగ్గర విన్నవి ఇంటికి మోసుకెళ్లే అలవాటు ఆవిడకి లేదు.

వార్షికోత్సవంలో కరస్పాండెంటే మాట్లాడాడు. మాస్టారి కాఠిన్యం వెనకనున్న వాత్సల్యం గురించి చాలాసేపు చెప్పాడు. శాలువా కప్పారు. కాంపౌండరు వెనకవరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాతి ఏడాది మాస్టారు కొత్త మనిషై తరగతికి వచ్చాడు. దాచుకోవాల్సిందేమీ లేదిప్పుడు. తొమ్మిదో పాఠం వచ్చు. వంటమనిషి, తోటమాలి నాలిక చివరే ఉన్నారు. తొందరగా అక్కడికి వెళ్లి, ఆ పాఠం చెప్పి, కొత్తవాళ్ల మొహాలు చూడాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోతోంది. ఆరు పాఠాలు పరుగులు పెట్టించాడు. అందుకోలేక ఒకడు తడబడితే ఆయన నోరు దాని పని అది చేసుకుపోయింది. ఎన్నో ఏళ్లుగా అరగదీసిన నాలిక, యజమాని మనసు మారిందని దానికెవరు చెప్పారు? ఏడో పాఠానికి సగం బెంచీలు ఖాళీ.

ఆయన కంగారుపడ్డాడు. మంచిగా ఉందామనుకున్నాడు. ఒక సాయంత్రం బోర్డు మీద ఎవరో రాసిన వాక్యం చూసి, "బాగుంది" అన్నాడు. రాసిన కుర్రాడు, ఎవర్నంటున్నారోనని వెనక్కి తిరిగి చూశాడు. గది చప్పున చల్లబడిపోయింది. మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి: మాస్టారికి ఒంట్లో బాగుండటం లేదట. కాదు, ఇదేదో కొత్త ఎత్తట, ముందు పొగిడి తర్వాత పరువు తీస్తాడట. మర్నాడు ఇంకో ఇద్దరు తగ్గారు.

ఎనిమిదో పాఠం చివరికి ఒక్క అమ్మాయి మిగిలింది. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ మీద డ్యూటీ చేసి వచ్చేది, అయినా ఒక్క రోజూ మానలేదు. మొదటి పాఠాల్లో ఆయన ఆ అమ్మాయికి కూడా బాగానే వడ్డించాడు. ఆ సాయంత్రం ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని, లేచి, చేతులు జోడించింది.

"రేపటినుంచి రానండి మాస్టారూ."

"అదేమిటి? రేపు తొమ్మిదో పాఠం."

"నాకంత బుర్ర లేదండి. మీరే చెప్పారుగా."

"ఎప్పుడో ఏదో అని ఉంటాను. అది వేరే సంగతి. రేపటి పాఠం తేలికమ్మా. పైకి కష్టంగా కనపడుతుంది గానీ... ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి చెబుతున్నారు, అంతే. ఒక్క పూట వచ్చి చూడు."

అమ్మాయి మొహంలో ఎగతాళి లేదు, కోపం లేదు. బుర్ర లేదన్న ఆయన పాత మాటని ఆమె మనసారా నమ్మింది.

"మీరు గొప్పవారండి. పోనీలే పాపం అని అలా అంటున్నారు. నావల్ల మీకు అప్రతిష్ఠ ఎందుకండి," అని చెప్పి వెళ్లిపోయింది.

మాస్టారు మెట్ల దాకా వచ్చి ఆగాడు. పిలవడానికి ఆ అమ్మాయి పేరేమిటో ఆయన ఎప్పుడూ అడగలేదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఉండబట్టలేక మర్నాటి మొదటి వాక్యం అప్పటికే బోర్డు మీద ఒక మూల రాసిపెట్టుకున్నాడు. తర్వాత లేచి, ఖాళీ బెంచీల వైపు తిరిగి, తోటమాలి ఎందుకు కర్మ అయ్యాడో, వంటమనిషి చెప్పేలోపే అతను వచ్చేసి ఉంటే మాట ఎలా మారుతుందో మొదట్నుంచి చివరిదాకా వివరించాడు. ఎక్కడా తప్పు దొర్లలేదు.